పద్నాలుగు నెలల సెలవు

మా అమ్మాయి పొట్టి చదువుకునే బల్లని రోజూ పొద్దున్నే తుడవడం నా పని. అది స్నానానికి వెళ్ళిన పది నిమిషాల్లోనే తుడిచేయాలి. వచ్చాక పుస్తకం ఒక్క అంగుళం జరిగినట్టు కనిపించినా "అమ్మా, నా పేజీ పోయింది" అంటుంది. ఆ రోజు కెమిస్ట్రీ గైడు ఎత్తి కింద గుడ్డ పెట్టబోతే బల్ల మీద సన్నగా, నల్లగా ఏవో కనిపించాయి. పెన్సిల్ పొట్టు అనుకుని ఊదబోయి ఆగాను. పదిహేడేళ్ళు ఆస్పత్రి ల్యాబులో పనిచేసిన కళ్ళు అంత తొందరగా దేన్నీ ఊదేయనివ్వవు. ఒకదాన్ని వేలికొనకి అంటించుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. వెంట్రుక. తలవెంట్రుక కాదు. పొట్టిగా, కొంచెం వంపు తిరిగి, ఒక చివర సూదిలా సన్నబడింది. రెండో చివర తొడుగుతో సహా ఊడొచ్చిన నల్లటి వేరు. తనంతట తాను రాలిన వెంట్రుక వేరు ఎండిన గింజలా ఉంటుంది. ఇది రాలింది కాదు, పీకింది. గైడు దులిపితే ఇంకా పడ్డాయి. మొత్తం పదకొండు.

రెండు నెలల కింద పొట్టి నన్నో కనుబొమ్మల పెన్సిల్ కొనిపెట్టమని అడిగింది. "చదువుకునే పిల్లవి, ఇప్పుడెందుకే ఈ సింగారాలు?" అన్నాను. మళ్ళీ అడగలేదు. ఎవరి దగ్గర సంపాదించిందో గానీ ఆ వారం నుంచీ దాని కనుబొమ్మలు దిద్దినట్టు నల్లగా ఉంటున్నాయి. వయసు, అనుకున్నాను. అందులో ఒక చిన్న ముచ్చట కూడా పడ్డాను, నా కూతురు పెద్దదవుతోందని. ఆ నలుపు కింద ఏముందో, రోజుకి పదిహేను గంటలు దాని పక్క గదిలోనే కూర్చుని కాపలా కాసిన నాకు తెలియలేదు. గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. గబగబా ఆ పదకొండూ కొంగుకి తుడిచేసుకున్నాను, తప్పు చేసింది నేనే అన్నట్టు.

ఆ పిల్లకి పొట్టి అని పేరు పెట్టింది వాళ్ళ నాయనమ్మ. ఇప్పుడు నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు, అయినా పేరు ఊడలేదు. ఇంట్లో ఒకసారి అతికించిన పేరు ఎంత ఎదిగినా ఊడదు. నాకూ ఒకటి అతికించారు, ఓపిక అని. "మా కోడలికి ఓపికెక్కువ" అంటుంది మా అత్తయ్య, వచ్చినవాళ్ళందరితో. మెచ్చుకుంటున్నారు కదా అని మొదట్లో పొంగిపోయేదాన్ని. ఆ మాట వెనక ఎప్పుడూ ఇంకో పని వస్తుందని అర్థమయ్యేసరికి పెళ్ళయి ఆరేడేళ్ళు దాటింది.

పద్నాలుగు నెలల కింద కూడా ఆ మాటే వచ్చింది. మావారు రోడ్ల ఇంజనీరు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, "పొట్టి మెడిసిన్‌కి కూర్చోవాలంటే మనలో ఒకరు ఇంట్లో ఉండాలి" అన్నారు. 'మనలో ఒకరు' అన్నప్పుడే ఆ ఒకరెవరో ఇంట్లో గోడలక్కూడా తెలుసు. "నాది బాధ్యతున్న ఉద్యోగం. నేను కదిలితే రోడ్డు ఆగిపోతుంది. నీదేముంది, నువ్వు లేకపోతే ఇంకొకరు చూస్తారు మైక్రోస్కోపులోంచి" అన్నారు. "దానికి ఓపికెక్కువరా, కూర్చోబెట్టి చదివిస్తుంది" అంది అత్తయ్య. అప్పుడే ఆడపడుచు ఫోను. "నేను మా అమ్మాయి కోసం రెండేళ్ళు టీవీ మొహం చూడలేదు వదినా. ఇప్పుడు చూడు, తెల్లకోటు వేసుకుంది." టీవీ మానడమూ, ఉద్యోగం మానడమూ ఒకటేనా అని అడగాలనిపించింది. అడగలేదు. మర్నాడు సెలవు చీటీ మీద సంతకం పెట్టాను. 'కారణం' అన్న చోట 'కుమార్తె చదువు' అని రాశాను.

అప్పటినుంచీ మా ఇల్లు ఇల్లు కాదు, పరీక్ష హాలు. కుక్కర్ కూతలు ఆరు లోపలే అయిపోవాలి. కాలింగ్ బెల్లు తీగ పీకేశారు. అత్తయ్య టీవీ సీరియళ్ళు చెవుల్లో పెట్టుకుని వింటుంది, తన గొంతు తనకి వినపడక "అమ్మాయ్, టీ పెట్టావా" అని వీధి చివరికి వినపడేలా అరుస్తుంది. గోడ మీద మావారు అతికించిన గీతల కాగితం. వారం వారం పొట్టికి వచ్చిన మార్కులు చుక్కలు పెట్టి, స్కేలుతో కలిపి, రోడ్డు ఎత్తుపల్లాలు గీసినట్టు గీశారు. ఆదివారం ఆదివారం దాని ముందు నిలబడి నన్ను అడిగేవారు. "ఇక్కడ దిగింది. ఎందుకు దిగింది?" ఆ వారం దానికి నెలసరి, కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయిందని చెప్పాను. "పరీక్ష రోజు కూడా వస్తే ఏం చేస్తుంది? ముందే ఏదైనా ఆలోచించాలి కదా నువ్వు" అన్నారు. కూతురి ఒంటికి కూడా నేనే జవాబుదారీ.

పరీక్ష అయింది, ర్యాంకు వచ్చింది. బాగా రాలేదు, మరీ చెడ్డగానూ రాలేదు. గుమ్మంలో నిలబెట్టిన ర్యాంకు. లోపలికి రానిస్తారో, తలుపేస్తారో తెలియదు. ఎదురింటావిడ నన్ను కూరగాయల దగ్గర పట్టుకుని "ఎంత వచ్చింది?" అని అడిగి, నేను చెప్పగానే "పోనీలెండి" అంది. ఆ 'పోనీలెండి' మూడు రోజులు నా చెవుల్లో జోరీగలా తిరిగింది. మావారు ఎవరింటికీ వెళ్ళడం మానేశారు. ర్యాంకు వచ్చిన మర్నాడే పొట్టి చేత మళ్ళీ పుస్తకాలు తెరిపించారు. సీటొస్తే సరే, లేకపోతే ఇంకో ఏడు కూర్చోవాలి కాబట్టి.

అందుకే ఆ పొద్దున గైడు బల్ల మీద ఉంది. ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో వరసగా నింపే ఫారానికి గడువు మర్నాడు సాయంత్రం ఐదు. మావారు అప్పటికే ఒక కాగితం మీద పెద్దక్షరాలతో జాబితా రాసిచ్చారు. మొదటి పన్నెండూ మెడిసిన్, ఎంత దూరపు కాలేజీ అయినా సరే. తర్వాత నాలుగు దంతవైద్యం. కింద గీత గీసి 'రాకపోతే మళ్ళీ' అని రాశారు.

ఆయన బూట్లు కట్టుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను. "ఏవండీ, పొట్టి కనుబొమ్మలు పీక్కుంటోంది."

"ఆడపిల్లలు పీక్కోరా? పార్లర్‌కి వెళ్ళి మరీ పీకించుకుంటారు."

"అలా కాదండీ. చదివేటప్పుడు. వేళ్ళతో. బల్ల నిండా ఉన్నాయి."

ఆయన రెండో బూటు తాడు బిగించి లేచారు. "నేను దీని వయసులో ఉన్నప్పుడు గోళ్ళు కొరికేవాణ్ణి. ఏమయింది, ఇంజనీరునయ్యాను. ముందు ఫారం సంగతి చూడు. ఇవాళే ఆస్పత్రికి వెళ్ళి సెలవు ఇంకో ఏడాదికి పొడిగింపు రాసిచ్చేయ్. మళ్ళీ వాళ్ళు చివర్లో పేచీ పెడతారు." గుమ్మం దాటి వెనక్కి తిరిగి, "దాని దగ్గర ఈ మాట ఎత్తకు, కంగారు పడుతుంది" అన్నారు.

పొట్టిని ఆ బల్ల దగ్గర ఒంటరిగా వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. "రావే, ఆస్పత్రిదాకా వెళ్ళొద్దాం" అంటే అది గడియారం వంక చూసింది. ఫిజిక్స్ టైము. "ఇవాళ్టికి ఫిజిక్సు తన పని తాను చూసుకుంటుందిలే" అన్నాను. నవ్వలేదు గానీ చెప్పులేసుకుంది.

బస్సెక్కి ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. నేను ఈ ఉద్యోగానికి ఎలా వచ్చానో గుర్తుకొచ్చింది. మా అన్నయ్యని డాక్టరు చేయాలని మా నాన్న మూడేళ్ళు కూర్చోబెట్టాడు. మూడేళ్ళూ మా ఇంట్లో చదువంటే అన్నయ్య చదువే. నాకు మార్కులు వాడికంటే ఎక్కువొచ్చాయి. "దీనికి వచ్చిన మార్కులు వాడికి వచ్చుంటే ఎంత బాగుండేది" అన్నాడు నాన్న, నా ముందే, నన్ను నొప్పించాలని కాదు, నిజంగానే బాధపడుతూ. నాకేం చదవాలనుందని ఎవరూ అడగలేదు. మా వీధిలోంచి వెళ్ళే బస్సు ఏ కాలేజీ ముందు ఆగుతుందో చూశారు. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉంది, అందులో చేర్పించారు. అన్నయ్య డాక్టరు కాలేదు, మందుల షాపు పెట్టాడు. నేను మాత్రం, ఏ బస్సు ఎక్కించారో ఆ బస్సు దిగిన చోట, అనుకోకుండా మైక్రోస్కోపుని ప్రేమించాను.

ల్యాబులో నా స్టూలు మీద కొత్తమ్మాయి కూర్చుంది. మా సీనియర్, నేను అక్కా అని పిలిచేది ఆవిణ్ణే, నన్ను చూసి చేతి తొడుగులు విప్పుకుంటూ వచ్చింది. "ఎప్పుడు వస్తున్నావ్?"

"ఇంకో ఏడాది పొడిగింపుకి వచ్చానక్కా."

ఆవిడ పొట్టిని చూసింది. దాని కనుబొమ్మల మీద ఒక్క క్షణం ఎక్కువగా ఆగింది చూపు. "ఏమ్మా డాక్టరమ్మా" అంది పక్కన కొత్తమ్మాయి. పొట్టి చెయ్యి కనుబొమ్మ మీదికి పోయింది. "అమ్మా, బయట కూర్చుంటా" అని వెళ్ళిపోయింది.

అక్క నా చెయ్యి పట్టుకుని మైక్రోస్కోపు దగ్గరికి లాక్కెళ్ళింది. "ఇది చూసి చెప్పు. పొద్దుట్నుంచీ మేం ముగ్గురం మూడు రకాలుగా చెప్తున్నాం." కంటిని గాజుకి ఆనించి మరచుట్టు తిప్పాను. మసకలోంచి కణాలు తేలి వచ్చాయి. పద్నాలుగు నెలలు. కుక్కర్ కూతలు, గీతల కాగితం, 'పోనీలెండి', అన్నీ ఎటో పోయాయి. స్లైడును వరస తప్పకుండా జరుపుతూ వంద కణాలు లెక్కపెట్టాను. ఏవి ఎక్కువున్నాయో, వేటి ఆకారం మారిందో చెప్పాను. అక్క నోట్ చేసుకుంది. "నువ్వు వెళ్ళాక రెండు రిపోర్టులు తప్పు వెళ్ళాయి. పట్టుకునేలోపు ఒకతను అక్కర్లేని మందు వారం రోజులు మింగాడు. ఎవరో ఒకరు చూస్తారులే అనుకుంటారు గానీ, చూడ్డం అందరికీ రాదు" అంది.

నేను చెప్పినదంతా కాగితం మీదికెక్కింది. కింద సంతకం చోటు ఖాళీ. అక్కడ డాక్టరు పెడతాడు. పదిహేడేళ్ళుగా నేను చూసి చెప్పినవాటి కింద ఎవరెవరో సంతకాలు పెట్టారు, వాళ్ళలో సగం మంది గాజులోకి తొంగి కూడా చూడలేదు. ఆ ఖాళీని చూసినప్పుడల్లా నాలో ఒక మాట లేస్తుంది: నా కూతురు ఇక్కడ సంతకం పెట్టాలి. ఆ మాట ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పనవసరం రాలేదు, మావారే గట్టిగా చెబుతున్నారు కదా. ఆయన గొంతు వెనక నా గొంతు దాచుకుని హాయిగా బతికాను. ఆయన పట్టుబట్టారు, నేను తలొంచాను అని లోకం అనుకుంటుంది, నేనూ అలాగే అనుకున్నాను. సగమే నిజం. రెండో సగం ఆ ఖాళీ గడిలో ఉంది.

ఆఫీసులో గుమాస్తా, సంతకం పెట్టే ఆయన ఎల్లుండిదాకా రారని చెప్పాడు. పొడిగింపు కాగితం సంచిలోనే ఉండిపోయింది.

పొట్టి వరండాలో లేదు. మందుల కిటికీ దగ్గరా లేదు. గబగబా మెట్లెక్కి దిగి, చివరికి వినికిడి విభాగం ముందు బెంచీ మీద చూశాను. తలుపు తీసుంది. లోపల నేల మీద ఒకావిడ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎదురుగా నాలుగేళ్ళ పాప, చెవి వెనక చిన్న మిషను. ఆవిడ తన పెదాల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని "ప" అంటోంది, కాగితం ఎగురుతోంది. పాప చేతికిచ్చింది. పాప నోరు తెరిచింది, కాగితం కదల్లేదు. మళ్ళీ. మళ్ళీ. ఆవిడకి విసుగు లేదు. ఎనిమిదో తొమ్మిదో సారి కాగితం కొన అల్లాడింది. పాప కాగితాన్ని చూసింది, ఆవిణ్ణి చూసింది, తర్వాత తలుపు బయటున్న పొట్టిని చూసింది, నువ్వు చూశావా అన్నట్టు. పొట్టి తలూపింది. నేను స్తంభం పక్కన నిలబడి చూసినంతసేపూ దాని రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి అడిగాను. మావారు వద్దన్న మాటే. "పెన్సిల్ ఎందుకడిగావో ఇవాళ తెలిసిందే."

అది బయటికే చూస్తోంది.

"నొప్పి పుట్టదా?"

"పుడుతుంది. అది పుడితే మిగతాది కాసేపు ఆగుతుంది."

"మిగతాదేంటి?"

రెండు స్టాపులు వెళ్ళాక అంది. "నువ్వు పక్క గదిలో కూర్చుంటావు కదా. నేను పేజీ తిప్పే చప్పుడు వింటుంటావు. తిప్పకపోతే దగ్గుతావు."

నేను దగ్గుతానని నాకు తెలియదు.

"నువ్వు ఉద్యోగానికి వెళ్ళే రోజుల్లో నాకు మార్కులు తక్కువొస్తే అవి నా మార్కులే అమ్మా. ఇప్పుడు తగ్గితే నీ ఉద్యోగం కూడా నేనే పోగొట్టినట్టు ఉంటుంది. నాయనమ్మ అందరితో చెబుతుంది, నా కోసం నువ్వు అన్నీ మానేశావని. అత్త చెబుతుంది. నాన్న చెబుతారు. నువ్వొక్కదానివే చెప్పవు. అది ఇంకా భయం."

"నీకేం చదవాలనుంది?" అని అడిగాను. అప్పటిదాకా ఆ మాట నేను ఎప్పుడూ అడగలేదని అడిగాక తెలిసింది.

"ఏమో. నాకేం కావాలో ఆలోచించే టైము టైంటేబుల్లో లేదుగా" అంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాను. పొట్టి కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. "నువ్వే పెట్టేయమ్మా. నాన్న రాసిందే పెట్టు. ఏదైతే ఏంటి" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. నా వేళ్ళు పని మొదలుపెట్టాయి. పాస్‌వర్డ్ నాకు తెలుసు, నేనే పెట్టాను. మావారి కాగితం పక్కన పెట్టుకుని ఒకటి, రెండు, మూడు, పన్నెండు వరకూ నింపాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంబరంగా ఉంది నాకు. ఒక్కో కాలేజీ పేరు పడుతుంటే ఏదో ఒక తెల్లకోటు కళ్ళముందు ఆడింది. దంతవైద్యం నాలుగూ నింపాను. ఇక కింద ఉన్న బటన్ నొక్కడమే.

ఫోను మోగింది. మావారు. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఆ మోతకి పొట్టి చెయ్యి పైకి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి కనుబొమ్మ చివర వెతుక్కుంటున్నాయి. అక్కడ పట్టుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. పెన్సిల్ నలుపు వేళ్ళకి అంటుకుంది. తాను ఏం చేస్తోందో తనకే తెలియకుండా, తెర వంక చూస్తూ, పీకింది.

నేను కుర్చీ వెనక్కి జరిపాను.

"పొట్టీ, ఒక మాట విను. నీ కోసం నేను ఉద్యోగం మానలేదు."

అది నా వైపు తిరిగింది.

"మీ నాన్న మానమంటే మానాను. కాదనడానికి ధైర్యం చాలక మానాను. 'మాననండీ' అని ఒక్క మాట అంటే ఇంట్లో నాలుగు రోజులు మొహాలు మాడ్చుకునేవాళ్ళు, ఆ నాలుగు రోజులు భరించలేక మానాను. దానికి నీ పేరు పెట్టాం, అందరం కలిసి. చీటీ మీద కారణం రాసింది నేనే. అబద్ధం రాశాను."

పొట్టి ముడుచుకున్న కాళ్ళు కిందికి దించింది.

"ఇంకోటి కూడా ఉంది. నువ్వు డాక్టరు కావాలని నాకుంది. నాన్నకంటే ఎక్కువ. నాకు ఎవరూ ఇవ్వని సంతకం నీ చేత పెట్టించాలని ఉంది. ఇందాక ఇదంతా నింపుతుంటే ఎంత ఆనందంగా ఉందో నీకు చెప్పలేను. అందుకే నేను నొక్కకూడదు."

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపో, కోపమో. "ఇప్పుడా చెప్పేది?" అంది.

"ఇప్పుడే తెలిసింది. నాకు కొన్ని ఆలస్యంగా అర్థమవుతాయి. ఫారం నీది. ఉంచుతావో, చెరిపేస్తావో, అసలు పంపవో, నీ ఇష్టం. ముందు పాస్‌వర్డ్ మార్చుకో. నాకు చెప్పకు."

"తప్పు చేస్తే?"

"నీ తప్పు నీదవుతుంది. అది నీకు కావాలని నిన్న నువ్వే అన్నావు."

లేచి బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశాను. టైము మూడున్నర. అప్పుడు మొదలైంది నాకు అసలు పరీక్ష. కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి హాల్లోకీ, హాల్లోంచి వరండాలోకీ తిరిగాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. తలుపు దగ్గర నిలబడితే గొంతులో గరగర పుట్టింది. దగ్గు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా వెళ్ళాను.

అత్తయ్య చెవుల్లోంచి తీగలు లాగేసి, "లోపల ఏం చేస్తోంది పిల్ల?" అంది.

"ఫారం నింపుకుంటోంది అత్తయ్యా."

"నువ్వు పక్కన లేకుండానా?"

"లేకుండానే."

తిడుతుందనుకున్నాను. ఆవిడ కాళ్ళు చాపుకుని, మోకాలు రుద్దుకుంటూ అంది. "నాకు ఎనిమిదో తరగతిలో లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది. ఆ రెండూ ఎక్కడ పోయాయే అని అడిగాడు మా నాన్న. ఆ తర్వాత ఇంకేం అడగలేదు. బడి మాన్పించేశాడు." రెండో మోకాలి మీదికి చెయ్యి మార్చి, "ఆ రెండూ ఎక్కడ పోయాయో ఇప్పటికీ తెలీదు" అని మళ్ళీ తీగలు చెవుల్లో పెట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆవిడకి లెక్కలు వచ్చని నాకు తెలియదు.

నాలుగూ నలభైకి మావారి ఫోను ఎత్తాను. "పెట్టావా?"

"అదే పెడుతోంది."

"వరస సరిగ్గా ఉందో లేదో చూశావా?"

"చూడలేదు. చూడను."

అవతల లారీల చప్పుడు. "నీకేమైనా మతి పోయిందా? అది చిన్నపిల్ల. వెళ్ళి చూడు, ఇంకా ఇరవై నిమిషాలుంది."

"నాకు పాస్‌వర్డ్ తెలీదండీ" అన్నాను. ఇంతకాలం ఈ ఇంట్లో 'తెలీదు' అంటే తప్పొప్పుకున్నట్టు ఉండేది. ఆ పూట అలా అనిపించలేదు. ఫోను బల్ల మీద పెట్టేశాను. ఐదయింది. తలుపు తీసుకుని పొట్టి వచ్చింది, "ఆకలేస్తోందమ్మా" అంది. అన్నం పెట్టాను. ఏం పెట్టావని అడగడానికి నాలుక దురద పెట్టింది. మజ్జిగ పోస్తూ ఓర్చుకున్నాను.

సాయంత్రం వాళ్ళ నాన్నకి పొట్టే చెప్పింది, నిలబడి, గోడకి ఆనుకుని. పదహారూ చెరిపేసింది. మూడే నింపింది. మూడూ, ఆస్పత్రిలో ఆ పాపకి నేర్పుతున్నట్టు మాట, వినికిడి నేర్పే కోర్సులే, మూడు కాలేజీల్లో. చివరిదాకా చెప్పింది. ఆ మాట విన్నప్పుడు నా గుండె జారిందని ఒప్పుకోవాలి. మళ్ళీ సంతకం లేని చదువే. మళ్ళీ నాలాగే డాక్టర్ల పక్కన నిలబడే పనే. ఆ దిగులు మొహం మీదికి రానివ్వలేదు.

"నేను నలుగురికీ ఏం చెప్పాలి?" అన్నారు మావారు. "పిల్లల చేత అఆలు పలికిస్తుందని చెప్పాలా?"

"అఆలు కాదు నాన్నా. ముందు ప, బ, మ" అంది పొట్టి. అత్తయ్యకి నవ్వాగలేదు. ఆయన గోడ మీది గీతల కాగితం చించి నాలుగు ముక్కలు చేసి లోపలికి వెళ్ళిపోయారు. కోపంతోనే చించారు, అయినా మంచిదే అయింది.

సోమవారం నేను డ్యూటీలో చేరాను. పొడిగింపు కాగితం సంచిలో ఉండి ఉండి మడతల దగ్గర చిరిగింది, పారేశాను. పొద్దున్న ఏడింటికి బస్సు. ఆయన క్యారేజీ ఆయనే సర్దుకోవాలని ముందురోజే చెప్పాను. మొదటిరోజు సర్దుకోకుండా వెళ్ళారు. రెండోరోజు అత్తయ్య సర్దబోతే "మీరు కూర్చోండి అత్తయ్యా" అన్నాను. మూడోరోజు కూర ఒకటీ డబ్బా ఒకటీ వెతుక్కుంటూ గిన్నెలన్నీ కింద పడేసి మొత్తానికి సర్దుకున్నారు. నాతో మాట్లాడలేదు. నాలుగు రోజుల మాడు మొహానికి భయపడి పద్నాలుగు నెలలు పోగొట్టుకున్నాను కదా, ఇది తొమ్మిది రోజులు నడిచింది. బతికే ఉన్నాను. ఆడపడుచు ఫోను చేసి "పిల్ల భవిష్యత్తుతో ఆటలేంటి వదినా" అంటే, "నాకు బస్సు టైమైంది" అన్నాను. నిజంగానే అయింది.

రెండు వారాలకి సీట్లు ప్రకటించారు. పొట్టికి రెండో కాలేజీలో వచ్చింది. దాని కనుబొమ్మలు ఇంకా పూర్తిగా రాలేదు. ఒకవైపు వస్తున్నాయి, రెండోవైపు మధ్యలో ఒక గడ్డి మొలవని జాగా ఉంది. ఇప్పటికీ ఏదైనా కంగారు పుడితే చెయ్యి పైకి పోతుంది. ఆస్పత్రిలో మనసు డాక్టరమ్మ దగ్గరికి వారానికోసారి తీసుకెళ్తున్నాను. బాగవుతుందని ఆవిడ అంది, ఎప్పటికని చెప్పలేదు. ఆ కోర్సు దానికి నచ్చుతుందో లేదో కూడా నాకు తెలియదు. ఆరు నెలలకి మొహం మొత్తి ఇంకోటి అంటుందేమో. అనొచ్చు.

సీటు వచ్చిన మర్నాడు పొద్దున్న నేను గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటున్నాను. మావారు క్యారేజీ మూత బిగిస్తూ, తొమ్మిది రోజుల మౌనం తర్వాత కూడా ముక్తసరిగానే మాట్లాడుతున్న మనిషి, నా దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఈసారి గొంతులో దబాయింపు లేదు.

"ఒక్క మాట నిజం చెప్పు. పొట్టి డాక్టరైతే బాగుండునని నీకు లేదా?"

"ఉందండీ" అన్నాను. "ఇవాళ పొద్దున్న కూడా ఉంది. అది నా కోరిక. నేనే మోసుకుంటాను, దాని చేత మోయించను."

బస్సు వచ్చే టైమైంది. సంచి భుజాన వేసుకుని బయల్దేరాను.